కుండ పగలగొట్టిన కుర్రాడు, విమానాలు కలిపిన మంత్రి

ఏప్రిల్ 5 వస్తే మన హాస్టల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. వరండాలో బల్ల వేసి, దానిమీద ఉతికిన దుప్పటి పరిచి, బాబూ జగ్జీవన్ రామ్ ఫోటో పెడతాం. వార్డెన్ గారు పూలమాల వేస్తారు. పెద్ద తరగతి పిల్లల్లో ఒకరు కాగితం చూసి చదువుతారు. బీహార్‌లో పుట్టారు, చాలాకాలం కేంద్రమంత్రిగా పనిచేశారు, ఉప ప్రధాని అయ్యారు, 1986లో కన్నుమూశారు. చప్పట్లు. ఆ తరువాత బూందీ, కారప్పూస. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆ కాగితం చదివినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ కాగితంలో విమానాల సంగతి లేదు.

ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. డిగ్రీ అయ్యాక ఏవియేషన్ మేనేజ్‌మెంట్ చదవడానికి వెళ్ళాను. మొదటి సెమిస్టర్‌లో భారత విమానయాన చరిత్ర ఒక పాఠం. 1953లో దేశంలోని విమాన కంపెనీలను ప్రభుత్వం తీసుకుందని, ఆ పని చేసిన మంత్రి జగ్జీవన్ రామ్ అని లెక్చరర్ చెప్పుకుంటూ పోయారు. క్లాసులో ఎవరూ తల ఎత్తలేదు. నాకు మాత్రం మన వరండాలోని బల్ల, దుప్పటి, మాల వేసిన ఫోటో కళ్ళముందు నిలబడ్డాయి. మన బాబూజీయేనా అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన జీవితం గురించి దొరికినది దొరికినట్టు చదువుతూ వచ్చాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, ఆ కాగితంలో లేని భాగం రాద్దామనిపించింది.

జగ్జీవన్ రామ్ 1908 ఏప్రిల్ 5న బీహార్‌లో అప్పటి షాహాబాద్ జిల్లా, ఆరా పట్టణానికి దగ్గరలోని చంద్వా గ్రామంలో జన్మించారు. చర్మకారుల కులం. తండ్రి శోభీరామ్ బ్రిటిష్ సైన్యంలో పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి ఊరికి వచ్చి కొద్దిపాటి భూమితో స్థిరపడ్డారు. శివనారాయణీ సంప్రదాయంలో మహంతు అయ్యారు. ఆయన దస్తూరీ ఎంతో అందంగా ఉండేదట. ఆ రోజుల్లో ఆ కులంలో అక్షరాలు వచ్చిన తండ్రి ఉండడమే ఒక అదృష్టం. అదీ ఎక్కువకాలం నిలవలేదు. జగ్జీవన్ బడిలో చేరిన ఏడాదే, 1914లో తండ్రి పోయారు. తల్లి వాసంతీదేవి చదువు మానిపించలేదు. మన హాస్టల్లో ఉన్న చాలామందికి ఈ భాగం వివరించి చెప్పనక్కరలేదు.

ఆరా టౌన్ స్కూల్లో చేరిన తరువాత జరిగిన సంగతి చాలామంది వినే ఉంటారు. బడిలో తాగునీటికి రెండు కుండలు ఉండేవి. ఒకటి హిందువులకు, ఒకటి ముస్లింలకు. జగ్జీవన్ హిందువుల కుండలోంచి నీళ్ళు తాగారు. ఫిర్యాదు వెళ్ళింది. దానికి బడివారు చూపిన పరిష్కారం మూడో కుండ. అంటరానివారికి విడిగా ఒకటి. ఆయన దాన్ని పగలగొట్టారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పగలగొట్టారు. చివరికి హెడ్‌మాస్టర్ మూడో కుండ ఆలోచన మానుకున్నారు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మన ఊరే గుర్తుకొస్తుంది. పల్నాటి వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు కారంపూడిలో చాపకూడు జరుగుతుంది కదా. అన్ని కులాలవారూ ఒకే వరుసలో కూర్చుని తింటారు. బ్రహ్మనాయుడు పన్నెండో శతాబ్దంలో మొదలుపెట్టాడని చెప్పుకునే పద్ధతి అది. మాల కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనాపతిని చేసిన గడ్డ ఇది. అలాంటి గడ్డ మీద కూడా ఏడాదిలో మిగిలిన రోజులు ఎలా గడిచాయో మన తాతలకు తెలుసు. ఆరాలో ఆ పిల్లవాడికి పండగనాటి చాపకూడు అక్కరలేదు. రోజూ తాగే నీళ్ళు కావాలి.

1925లో మదనమోహన మాలవ్యా ఆరా వచ్చారు. జగ్జీవన్ చదివిన స్వాగత ప్రసంగం విని ముచ్చటపడి, కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి రమ్మని పిలిచారు. మెట్రిక్యులేషన్ ఫస్టు క్లాసులో ప్యాసై 1927లో ఆయన అక్కడ చేరారు. బిర్లా స్కాలర్‌షిప్పు వచ్చింది. సీటు వచ్చింది, స్కాలర్‌షిప్పూ వచ్చింది, కానీ హాస్టల్లో అన్నం పెట్టేవారు ఆయనకు వడ్డించడానికి ఒప్పుకోలేదు. ఊళ్ళో మంగలివాళ్ళు జుట్టు కత్తిరించలేదు. ఆయన నోరు మూసుకుని ఊరుకోలేదు, అక్కడి దళితులను కూడగట్టి ఎదురు తిరిగారు. ఇంటర్ సైన్సు పూర్తిచేసి కలకత్తా వెళ్ళిపోయి, 1931లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి బీఎస్సీ పట్టా తీసుకున్నారు. ఆయన సైన్సు విద్యార్థి అన్న సంగతి మన ఏప్రిల్ కాగితాల్లో ఎప్పుడూ ఉండదు. తరువాతి కాలంలో ఆయన చూసిన శాఖల్లో తంతి, విమానం, రైలు, వ్యవసాయం, రక్షణ ఉన్నాయి. యంత్రాలు, లెక్కలు ఉన్నచోట బెదరకపోవడానికి ఆ చదువు కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

రాజకీయ జీవితం గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి కనుక క్లుప్తంగా చెబుతాను. కలకత్తాలో కార్మికుల మధ్య పనిచేశారు. రవిదాస్ మహాసభ స్థాపించారు. 1934 బీహార్ భూకంపంలో సహాయ కార్యక్రమాల్లో తిరిగారు. 1935లో ఇంద్రాణీదేవితో వివాహమైంది. 1936లో బీహార్ శాసనమండలిలో అడుగుపెట్టారు. అప్పటి నుంచి చనిపోయేదాకా, యాభై ఏళ్ళు, ఏదో ఒక చట్టసభలో ఉంటూనే వచ్చారు. 1940లో ఒకసారి, 1942 క్విట్ ఇండియాలో ఒకసారి జైలుకు వెళ్ళారు. 1946 సెప్టెంబరులో నెహ్రూ నాయకత్వాన తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడినప్పుడు కార్మిక మంత్రి అయ్యారు. అందరిలోకీ చిన్నవాడు, వయసు 38. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి మంత్రివర్గంలో అంబేద్కర్ న్యాయశాఖకు, ఈయన కార్మిక శాఖకు మంత్రులు. పారిశ్రామిక వివాదాల చట్టం, కనీస వేతనాల చట్టం, ఈఎస్ఐ చట్టం వచ్చింది ఈయన కార్మిక మంత్రిగా ఉన్న కాలంలోనే. మన ఊరివాళ్ళు పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకో, సిమెంటు ఫ్యాక్టరీలకో పనికి పోయినప్పుడు ఆ చట్టాల పేర్లు వినే ఉంటారు. అమలు సంగతి వేరే మాట.

విమానంతో ఆయనకు మొదటి పెద్ద అనుభవం మంచిది కాదు. 1947లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశానికి భారత ప్రతినిధి వర్గానికి నాయకుడిగా వెళ్ళి, జులైలో తిరిగి వస్తూండగా ఇరాక్‌లో బస్రా దగ్గర ఎడారిలో ఆయన ఎక్కిన విమానం కూలిపోయింది. గాయాలతో బయటపడ్డారు. స్వాతంత్ర్యానికి అప్పటికి సరిగ్గా నెలరోజులు. అయిదేళ్ళ తరువాత అదే మనిషి చేతికి దేశంలోని విమానాలన్నీ వచ్చాయి.

1952 మేలో, మొదటి సాధారణ ఎన్నికల తరువాత, ఆయనకు కమ్యూనికేషన్ల శాఖ ఇచ్చారు. తపాలా, తంతి, టెలిఫోన్లతోపాటు పౌర విమానయానం కూడా ఆ శాఖలోదే. అప్పటి పరిస్థితి ఎలా ఉండేదో కాస్త వివరంగా చెప్పాలి. ఏవియేషన్ మేనేజ్‌మెంట్ అంటే ఏమిటని అడిగేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మన దేశంలో విమాన సర్వీసుకు పునాది 1932 అక్టోబరు 15న పడింది. జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి చిన్న విమానంలో ఉత్తరాల సంచులు తెచ్చారు. అక్కడి నుంచి ఆయన మిత్రుడు నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకెళ్ళారు. తరువాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలిపెట్టిన డకోటా విమానాలు చవకగా అమ్మకానికి వచ్చాయి. రెండు ఇంజన్లు, పాతికమంది పట్టే విమానం. డబ్బున్న ప్రతివారికీ విమాన కంపెనీ పెట్టాలనిపించింది. 1946లో ఏర్పడిన లైసెన్సు బోర్డు అడిగినవారికల్లా లైసెన్సులు ఇచ్చుకుంటూ పోయింది.

మన హైదరాబాదుకూ ఒక కంపెనీ ఉండేది. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట దాని స్థావరం. 1947లో ప్రేమ్ మాథుర్ అనే యువతి కమర్షియల్ పైలట్ లైసెన్సు తీసుకుని ఉద్యోగానికి తిరిగితే, ఆడపిల్లను తీసుకుంటే ప్రయాణికులు భయపడతారని మిగతా కంపెనీలు కాదన్నాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ ఉద్యోగం ఇచ్చింది. దేశంలో కమర్షియల్ విమానం నడిపిన మొదటి మహిళ ఆమె. మన చెల్లెళ్ళ హాస్టల్లో ఈ సంచిక చదివేవారి కోసం ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

కంపెనీలు పెరిగాయి గాని ప్రయాణికులు పెరగలేదు. టికెట్టు కొనగలిగినవారు కొద్దిమంది. విమానాలు సగం ఖాళీగా ఎగిరేవి. పెట్రోలు ఖరీదు, పన్నులు, విడిభాగాలు అన్నీ భారమే. ఒకే ఊరికి ఇద్దరు ముగ్గురు పోటీపడితే, ఇంకో ఊరికి అసలు విమానమే లేదు. 1950లో జస్టిస్ రాజాధ్యక్ష కమిటీ ఈ సంగతి తేల్చి చెప్పింది. ఉన్న రాకపోకలకు ఇన్ని కంపెనీలు ఎక్కువ, తమంతట తాము కలిసిపోతే మంచిది, జాతీయం చేయడానికి తొందర వద్దు అంది. కంపెనీలు కలవలేదు. పాత విమానాలు మార్చాల్సిన సమయం దగ్గరకొచ్చింది, మార్చడానికి ఎవరి దగ్గరా డబ్బు లేదు.

జగ్జీవన్ రామ్ ఈ చిక్కు ముడి విప్పే పని నెత్తికెత్తుకున్నారు. జేఆర్‌డీ టాటా జాతీయీకరణకు వ్యతిరేకి. తాను కడుపులో పెట్టుకుని పెంచిన సంస్థ అది. విమాన సంస్థను నడపడం సర్కారు ఆఫీసు నడిపినట్టు కాదని ఆయన గట్టిగా వాదించారు. మంత్రి వెనక్కి తగ్గలేదు. తగ్గకపోవడం వరకూ ఎవరైనా చేయగలరు. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, తనను వ్యతిరేకించిన మనిషినే రమ్మని పిలిచి నడపమన్నారు. టాటా కాదనలేకపోయారు. 1953 మేలో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. జూన్ 15న రెండు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి. ఆగస్టు 1న పాత కంపెనీలన్నీ వాటిలో కలిశాయి. విదేశాలకు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్, దేశం లోపల ఇండియన్ ఎయిర్‌లైన్స్. మొదటిదానికి ఛైర్మన్ జేఆర్‌డీ టాటా. రెండోదాని బోర్డులోనూ ఆయన ఉన్నారు.

ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిన కంపెనీలు ఎనిమిది. మన డెక్కన్ ఎయిర్‌వేస్, ఎయిర్‌వేస్ ఇండియా, భారత్ ఎయిర్‌వేస్, హిమాలయన్ ఏవియేషన్, కళింగ ఎయిర్‌లైన్స్, ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్, ఎయిర్ సర్వీసెస్ ఆఫ్ ఇండియా, టాటాల ఎయిర్ ఇండియాలో దేశీయ భాగం. మొత్తం 99 విమానాలు, అందులో 74 డకోటాలే.

ఇప్పుడు ఆలోచించండి. ఎనిమిది రకాల జీతాలు, ఎనిమిది రకాల సీనియారిటీ జాబితాలు, ఎనిమిది చోట్ల వర్కుషాపులు, ఎనిమిది ఖాతా పద్ధతులు. ఒకచోట ఉన్న ఇంజను భాగం ఇంకోచోట ఉందో లేదో తెలియదు. ఒక కంపెనీలో కెప్టెన్, ఇంకో కంపెనీ కెప్టెన్ కన్నా సీనియరా జూనియరా? ఉదయం ఏ ఊరి నుంచి విమానం బయలుదేరితే రాత్రికి ఖాళీగా తిరిగి రాకుండా ఉంటుంది? యజమానులకు నష్టపరిహారం ఏ లెక్కన కట్టాలి? చట్టంలో నష్టపరిహారం లెక్క రాశారు, తగాదా వస్తే ట్రిబ్యునల్ అన్నారు, పాత కంపెనీల ఉద్యోగులు కొత్త కార్పొరేషన్ ఉద్యోగులవుతారని రాశారు. ఆరేళ్ళు కార్మిక శాఖ చూసిన మనిషి చేతిలో ఈ బిల్లు పడడం ఆ ఉద్యోగుల అదృష్టం అంటాను. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు వెతికే చదువే ఏవియేషన్ మేనేజ్‌మెంట్. విమానం నడపడం కాదు, విమానం నడిచేలా చూడడం.

ఆ రోజుల్లోనే ఇంకో చక్కని ఏర్పాటు ఉండేది. 1949లో మొదలైన రాత్రి తపాలా సర్వీసు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు రాత్రిపూట బయలుదేరి నాగపూరులో కలుసుకునేవి. అక్కడ సంచులు మార్చుకుని తెల్లవారేసరికి ఎవరి ఊరికి వారు చేరేవారు. నాలుగు ఊళ్ళను ఒకదానితో ఒకటి కలపాలంటే ఆరు దారులు కావాలి. నడిమధ్య ఒక ఊరు పెట్టుకుంటే నాలుగు దారులతో సరిపోతుంది. ఈనాడు ప్రపంచంలోని పెద్ద విమాన సంస్థలు నడిచే సూత్రం ఇదే. నడికుడి జంక్షన్‌లో రైలు మారినవాడికి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది.

1956 చివరిలో ఆయన రైల్వే శాఖకు మారారు. తరువాతి జీవితమంతా చెప్పాలంటే సంచిక మొత్తం చాలదు. రైల్వే మంత్రిగా 1962 దాకా ఉన్నారు. 1963లో కామరాజ్ ప్రణాళిక కింద మంత్రి పదవి వదిలారు. 1967 నుంచి ఆహార, వ్యవసాయ మంత్రి, హరితవిప్లవం పుంజుకున్న కాలం. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో రక్షణ మంత్రి.

మెచ్చుకోలేని భాగమూ ఉంది, దాచిపెట్టనక్కరలేదు. 1975లో అత్యవసర పరిస్థితిని ఆమోదించే తీర్మానాన్ని లోక్‌సభలో ప్రవేశపెట్టింది ఈయనే. 1977 ఫిబ్రవరిలో కాంగ్రెసు వదిలి బయటికి రావడంతో ఆ ప్రభుత్వం ఓటమికి దారి పడిందన్నదీ నిజమే, అంతకుముందు పందొమ్మిది నెలలు అందులోనే ఉన్నారన్నదీ నిజమే. జనతా ప్రభుత్వంలో మళ్ళీ రక్షణ మంత్రి అయ్యారు. తమాషా ఏమిటంటే, 1953లో తాను పిలిచి కూర్చోబెట్టిన జేఆర్‌డీ టాటాను 1978 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా ఛైర్మన్ పదవి నుంచి తొలగించింది కూడా ఆయన సభ్యుడిగా ఉన్న మొరార్జీ దేశాయ్ ప్రభుత్వమే.

అదే ఏడాది జనవరిలో కాశీలో ఒక సంఘటన జరిగింది. సంపూర్ణానంద్ విగ్రహాన్ని ఆవిష్కరించడానికి జగ్జీవన్ రామ్ వెళ్ళారు. అప్పటికి ఆయన దేశ రక్షణ మంత్రి, సైన్యం మొత్తం ఆయన కింద ఉంది, వయసు డెబ్బైకి దగ్గర. ఆయన వెళ్ళిపోయాక కొందరు వచ్చి, దళితుడి చేయి తగిలిందని ఆ విగ్రహాన్ని గంగాజలంతో కడిగారు. యాభై ఏళ్ళ కిందట హాస్టల్లో అన్నం వడ్డించనన్నది కూడా ఆ ఊళ్ళోనే. ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చదివిన రోజు నాకు సరిగా నిద్రపట్టలేదు.

1979 జనవరిలో ఉప ప్రధాని అయ్యారు. జులైలో ప్రభుత్వం పడిపోయింది. ప్రధాని పదవి అందేంత దూరంలోకి వచ్చి తప్పిపోయింది. 1986 జులై 6న, పార్లమెంటు సభ్యుడిగా ఉండగానే మరణించారు. సాసారాం నియోజకవర్గం ఆయనను ఒక్కసారి కూడా ఓడించలేదు.

ఆయన కట్టిన రెండు సంస్థలు ఏమయ్యాయన్నది మీకు తెలియాలి, ఎందుకంటే మీ ఉద్యోగాలు అక్కడి నుంచే మొదలవుతాయి. ఎయిర్ కార్పొరేషన్ల చట్టాన్ని 1994లో రద్దు చేశారు. ప్రైవేటు సంస్థలు వచ్చాయి. 1995లో విమానాశ్రయాలన్నీ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కిందకి వచ్చాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ పుట్టిన బేగంపేటలో 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు ఆగి, శంషాబాదులో మొదలయ్యాయి. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో ఒకటయ్యాయి. 2022 జనవరిలో ఆ సంస్థ తిరిగి టాటాల చేతికి వెళ్ళింది. అరవై తొమ్మిదో ఏట పుట్టింటికి చేరిందన్నమాట. ఈ శాఖ తెలుగువారికి కొత్తదేమీ కాదు. 1966లో నీలం సంజీవరెడ్డి, 2014లో అశోక్ గజపతిరాజు, 2024లో రామ్మోహన్ నాయుడు దీనికి మంత్రులయ్యారు. చిన్న ఊళ్ళను కలిపే ఉడాన్ పథకంలో 2017 ఏప్రిల్‌లో మొదట ఎగిరిన వాటిలో కడప, హైదరాబాదు మధ్య విమానం ఒకటి.

కిందటిసారి పూర్వ విద్యార్థుల సమావేశంలో ఇంటర్ తమ్ముడు ఒకడు అడిగాడు. అన్నా, విమానం కోర్సంటే పైలట్టేగా, లక్షలకు లక్షలు మనమెక్కడ తెస్తాం అని. పైలట్ చదువు ఖరీదైనదే, అబద్ధం చెప్పను. కానీ ఒక విమానం గన్నవరంలో దిగి మళ్ళీ లేచే అరగంటలో పైలట్లు ఇద్దరైతే, నేలమీద పనిచేసేవారు పదుల సంఖ్యలో ఉంటారు. సామాను దించేవారు, ఎక్కించేవారు, ఇంధనం నింపేవారు, బరువు లెక్కకట్టేవారు, భద్రతా తనిఖీవారు, టవర్‌లో దారి చెప్పేవారు. ఈ పనులన్నిటినీ గడియారం పెట్టుకుని ఒకదానివెనక ఒకటి నడిపించేవాడు మేనేజర్. ఏ ఊరికి ఎన్ని విమానాలు వేయాలి, టికెట్టు ఈ రోజు ఎంతకు అమ్మాలి, రేపు ఎంతకు, సిబ్బందికి ఎన్ని గంటలు విశ్రాంతి ఇవ్వాలి, సరుకు విమానంలో ఏది ఎక్కించవచ్చు, ఏది ప్రమాదం, ఇవన్నీ వేరువేరు ఉద్యోగాలు.

ఇంటర్ ఏ గ్రూపుతో ప్యాసైనా బీబీఏ ఏవియేషన్ మూడేళ్ళ కోర్సులో చేరవచ్చు. డిగ్రీ తరువాత ఎంబీఏ ఉంది. పార్లమెంటు చట్టం ద్వారా 2013లో ఏర్పడిన రాజీవ్ గాంధీ జాతీయ విమానయాన విశ్వవిద్యాలయం ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉంది, అక్కడ మేనేజ్‌మెంట్ కోర్సులు ఉన్నాయి. మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ చదివినవారికి, ఇంజనీరింగ్ చదివినవారికి ఇంకో దారి ఉంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష రాసి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కావచ్చు. అది ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి రిజర్వేషన్ ఉంటుంది. ప్రైవేటు విమాన సంస్థల్లో ఉండదు. ఈ తేడా ముందే తెలుసుకుని దారి ఎంచుకోండి. బాబూజీ చదివిన బీఎస్సీకి ఇంత విలువ ఉందని మన ఎంపీసీ పిల్లలు చాలామందికి తెలియదు.

ఒక జాగ్రత్త. మా బ్యాచ్ మిత్రుడొకడు బస్టాండ్ గోడమీద కాగితం చూసి, ఆరు నెలల్లో ఎయిర్‌పోర్టు ఉద్యోగం గ్యారంటీ అన్న ఒక శిక్షణ సంస్థలో చేరాడు. వాళ్ళ నాన్న రెండు గేదెలు అమ్మి ఫీజు కట్టాడు. చివర్లో ఇచ్చిన సర్టిఫికెట్టు చూపిస్తే ఏ విమానాశ్రయంలోనూ పనికిరాలేదు. డబ్బు తిరిగి రాలేదు. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు గాని ఆ గేదెల మాట ఎత్తితే మౌనంగా ఉండిపోతాడు. కాబట్టి ఫీజు కట్టేముందు, ఆ డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూడండి. శిక్షణ కోర్సు అయితే డీజీసీఏ గాని, సెక్యూరిటీ పని అయితే బీసీఏఎస్ గాని గుర్తించిందో లేదో చూడండి. పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు వర్తిస్తుందో లేదో సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి. ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా రాస్తే ఆ కాగితం అక్కడే వదిలేయండి.

ఇంగ్లీషు గురించి ఒక మాట. కంట్రోలర్లకు, పైలట్లకు అంతర్జాతీయ నియమం ప్రకారం ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష ఉంటుంది. మేనేజర్‌కు ఆ పరీక్ష లేకపోయినా, రోజంతా ఆ భాషలోనే పని. నాకు మొదటి ఏడాది నోరు పెగలలేదు. మెస్సులో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. కారణం నా ఇంగ్లీషో, మరొకటో నేను ఎవరినీ అడగలేదు. రెండో ఏడాదికి ఆ కుర్చీ నిండింది.

మన పల్నాడులో విమానం చూడాలంటే దూరం పోనక్కరలేదు. మాచర్ల దాటి విజయపురి సౌత్ దగ్గర నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ ఉంది. నేను చదివే రోజుల్లో కొన్న పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నోటిఫికేషన్ల కాపీలు ఒక అట్టపెట్టెలో పెట్టి హాస్టల్ లైబ్రరీకి ఇచ్చాను. కిటికీ పక్క బీరువాలో కింది అరలో ఉంటాయి. తాళం వార్డెన్ గారి దగ్గర ఉంది. ఏప్రిల్ 5న కాగితం చదివే తమ్ముడు ముందుగా ఒకసారి ఆ పెట్టె తెరిస్తే, 1953 పాఠం దగ్గర పెన్సిలుతో గీత గీసి ఉంటుంది.